నల్లగడి రిసాలలో ఎవరూ చావరు

మా నల్లగడి రిజర్వు రిసాలలో నూట నాలుగేళ్ళుగా ఎవరూ చనిపోలేదు. గుర్రాలూ చనిపోలేదు, మనుషులూ చనిపోలేదు. ఇది నా గొప్ప కోసం చెప్పుకునే మాట కాదు. సర్కారు వారు కమిటీ వేసి, వచ్చి చూసి, ఒప్పుకున్న మాట.

రిసాల అంటే గుర్రపు దళం. నల్లగడి రాజావారికి రెండు ఉండేవి. ఒకటి అసలు రిసాల. రెండోది మాది. అసలు రిసాల అలసిపోతే వెళ్ళి ఆదుకోవడం మా పని. కొంతకాలానికి రాజావారు పోయారు, సంస్థానం పోయింది, అసలు రిసాలను ఎత్తేసి ఆ గుర్రాలను పంచేశారు. రిజర్వు రిసాలను కూడా ఎత్తేయమని మాత్రం ఎవరూ చీటీ పంపలేదు. అందుకని మేం అలాగే ఉండిపోయాం. అసలు రిసాల అలసిపోయిందన్న కబురు ఇంతవరకు రాలేదు కాబట్టి మేం ఇంతవరకు కదలలేదు. జీతాలు ఏ శాఖ నుంచి వస్తాయో మాకు తెలియదు. అడిగితే ఆగిపోతాయని ఎవరూ అడగలేదు.

రాజావారు దళం పెట్టిన నాడు ఒక ఫర్మానా ఇచ్చారట. రెండు గుర్రాలు, ఒక సైసు. ఈ లెక్క ఏనాడూ తగ్గరాదు. గుర్రాల పేర్లు రుస్తుం, తూఫాన్. వాటికి గడ్డీ దాణా చూసే సైసు పేరు పెంటయ్య. మొదటి రుస్తుం కడుపుశూలతో పోయినప్పుడు కొత్త గుర్రానికి అర్జీ పెట్టుకోవలసిన కచేరీయే లేదు. అప్పట్లో దళాన్ని చూసుకునే దఫేదారు తెలివైనవాడు. జాతరలో అదే రంగు గుర్రాన్ని ఒకదాన్ని కొని, రుస్తుం అని రాసి ఉన్న పలక కింద కట్టేశాడు. మర్నాడు హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిస్తే సైసు ఆ గుర్రం మెడలో గంట ఆడించాడు. రుస్తుం హాజర్. పేరు ఖాళీగా ఉండకపోతే చాలు, పేరు కింద ఎవరు నిలబడినా ఫరవాలేదు అన్నది అప్పటి నుంచి మా రిసాల పద్ధతి.

ఇప్పుడున్న రుస్తుం నాలుగోది. ఆడది. నెమ్మదస్తురాలు. ఉలవలు పెడితే చేతి వేళ్ళు తగలకుండా తింటుంది.

తూఫాన్ విషయం కొంచెం వేరు. మూడో తూఫాన్ పోయినప్పుడు ఎక్కడా గుర్రం దొరకలేదట. ఆ రోజుల్లో సర్కారు వారు పాత జీపులు ఇస్తున్నారు. ఒక జీపు తెచ్చి తూఫాన్ పలక కింద నిలబెట్టారు. గుర్రాలకు పెట్రోలు మంజూరు కాదు కాబట్టి అది అక్కడి నుంచి ఎన్నడూ కదలలేదు. పొద్దున్నే దాని వాటా ఉలవలు, పచ్చగడ్డి దాని ముందు పెట్టాలి. సాయంత్రం తీసి రుస్తుంకు వెయ్యాలి. హాజరు పిలిచినప్పుడు గంట ఆడించడానికి దానికి మెడ లేదు కనుక, పాత బస్సులకు ఉండే రబ్బరు బూర ఒకటి కట్టారు. తూఫాన్ అనగానే బూర నొక్కితే సరిపోతుంది.

పెంటయ్యను నేను. అసలు పేరు బాలమణి. మొదటి పెంటయ్య రాజావారి కాలం మనిషి. మూడో పెంటయ్య మా ఇంటాయన. ఆయన సొంత పేరు వేరే. రిసాలలో చేరిన నాడు దాన్ని గేటు బయట వదిలి లోపలికి వచ్చాడు.

ఆరేళ్ళ కింద రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం గాలివాన వచ్చింది. గుర్రపు సాల పైకప్పు పాత పెంకులు, పాత దూలాలు. పెంకులు లేచిపోతుంటే ఆయన రుస్తుం కట్టు విప్పి బయటికి తోలుకొచ్చి తాడు నా చేతిలో పెట్టాడు. పెట్టి మళ్ళీ వెనక్కి తిరిగాడు.

“ఏడికి?” అని అరిచాను.

“ఇంకోటి ఉన్నది గద.”

“అది గుర్రం కాదయ్యా, జీపు!”

“నీకు నాకు జీపు. పట్టీల గుర్రమే గద. రేప్పొద్దుగాల పిలిస్తే ఏమని చెప్పాలె?” అంటూ లోపలికి పోయాడు.

దూలం పడింది. జీపుకు ఒక్క గీత కూడా పడలేదు.

మర్నాడు పొద్దున్న మా గుమస్తా వజీరుద్దీన్ సాబ్ హాజరు పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. నేను రుస్తుం తాడు పట్టుకుని నిలబడ్డాను. బెదిరిన గుర్రం, ఇంకెవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. వజీర్ సాబ్ “పెంటయ్య!” అన్నాడు. అని తల ఎత్తలేదు. కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు. రుస్తుం ముందు రోజు నుంచి ఏమీ తినలేదు. ఉలవలు తూచి ఇవ్వాలంటే పెంటయ్యకే ఇవ్వాలి. నేను “హాజర్” అన్నాను. అప్పటి నుంచి అంటూనే ఉన్నాను. పట్టీ ప్రకారం మా ఇంట్లో ఎవరూ పోలేదు కాబట్టి మైల కూడా లేదన్నారు.

నాకు ఉన్నది ఒక్క కోరిక. మా గేటు పక్కన వీరుల రాయి అని ఒకటుంది. రాజావారు ముందుచూపు గలవారు. దళం పెట్టిన నాడే రాయి కూడా పెట్టించారు. పైన ‘విధి నిర్వహణలో ప్రాణాలు విడిచిన వీరులు’ అని చెక్కి ఉంటుంది. కింద అంతా నున్నగా ఖాళీ. ఎవరూ చనిపోలేదు కాబట్టి చెక్కడానికి ఏమీ లేదు. దసరా నాడు దానికి నూనె రుద్ది, దండ వేసి, సలాం కొడతాం. నూనె రుద్దేది నేనే. రుద్దినప్పుడల్లా అనిపించేది, ఇక్కడ మా ఇంటాయన పేరు ఉండాలని. భర్త పేరు నోటితో అనకూడదని మా అత్త చెప్పింది. రాయకూడదని చెప్పలేదు. ఆమెకు రాత రాదు. నాకూ రాదు కాబట్టి ముందు అది నేర్చుకున్నాను.

ఇదీ మా సంగతి. ఇక సర్క్యులర్ దగ్గరికి వస్తాను.

ఈమధ్య సర్కారు వారికి వారసత్వం మీద ప్రేమ పుట్టింది. పాత బావులకు బోర్డులు పెట్టారు, పాత చింతచెట్లకు నంబర్లు వేశారు. తర్వాత దళాల మీద పడి ఒక సర్క్యులర్ పంపారు. వందేళ్ళకు మించి వంశక్రమమూ సేవా తెగకుండా ఉన్న దళానికి ‘వారసత్వ దళం’ అని తామ్రపత్రం ఇస్తారట. మధ్యలో ఎక్కడ తెగినా దళం రద్దు. మనుషులు ఇళ్ళకు, జంతువులు వేలానికి.

మా దళాధికారి పరాంకుశరావు గారు అప్పటికి వచ్చి నెల కాలేదు. ఆయనకు ముందు వచ్చినవాళ్ళు సాల చూసి, జీపు ముందు ఉలవలు చూసి, కూర్చోకుండానే బదిలీకి రాసుకునేవారు. ఈయన కూర్చున్నారు. సర్క్యులర్ చదివి వజీర్ సాబ్‌ను పిలిచారు. నేను వాకిట్లో గడ్డి దులుపుతున్నాను.

“వజీర్, మన దళం వయసెంత?”

“నూట నాలుగు సార్.”

“మన గుర్రం వయసెంత?”

“దానికి గూడ గంతే సార్. ఒక్కనాడే చేరినయి.”

ఈయన కూడా బదిలీకి రాసుకుంటారనుకున్నాను. ఆయన లేచి నిలబడి చొక్కా సర్దుకున్నారు.

“అనగా ఒకే అశ్వం, ఒకే నామధేయంతో, నూట నాలుగు సంవత్సరాలు నిరంతరాయంగా హాజరైంది! ఎక్కడైనా తెగిందా?”

“ఒక్క పొద్దు గూడ తెగలే సార్.”

“వజీర్, మనం చరిత్రలో కూర్చుని ఉన్నామయ్యా. ఇన్నాళ్ళూ కుర్చీలనుకున్నాం.”

ఆ రోజే దళం వంశచరిత్ర, సేవాచరిత్ర రాయడం మొదలైంది. వంశచరిత్ర తేలికగానే అయిపోయింది. రుస్తుం తర్వాత రుస్తుం, తూఫాన్ తర్వాత తూఫాన్, పెంటయ్య తర్వాత పెంటయ్య. ఒక తరం రాస్తే అన్ని తరాలూ రాసినట్టే. సేవాచరిత్ర దగ్గర కొంచెం ఆగింది.

“ఎన్ని యుద్ధాల్లో పాల్గొన్నాం?”

“పోలే సార్.”

“అల్లర్లు?”

“పిలువలే సార్.”

“కనీసం ఊరేగింపు?”

“ఓసారి మంత్రిగారి పెండ్లికి అడిగిన్రు సార్. అసలు రిసాల అలసిపోయినట్టు చీటీ తెమ్మన్నం. తేలే.”

పరాంకుశరావు గారు కలం నోట్లో పెట్టుకుని ఆలోచించారు. “ఎన్నిసార్లు ఓడిపోయాం?”

“పోందే ఎట్ల ఓడుతం సార్?”

“అదీ! రాయండి. ‘శతాధిక వత్సరాలుగా అపజయమెరుగని దళం.’ శత్రువుకు వెన్ను చూపామా?”

“శత్రువునే చూడలే సార్.”

“నేనడిగింది వెన్ను సంగతి.”

“లేదు సార్.”

“రాయండి. ‘ఏనాడూ శత్రువుకు వెన్ను చూపలేదు.’ క్షతగాత్రులు?”

వజీర్ సాబ్ నా వైపు చూశాడు. నేను గడ్డి కింద పెట్టి గడప దాకా వచ్చాను.

“సార్, నాదో మనవి. ఆ రాయి మీద ఒక్క పేరు చెక్కియ్యాలె.”

“ఎవరిదమ్మా?”

“మా ఇంటాయనది. నాకు ముందుగాల పెంటయ్య. ఆ సాలల్నే పోయిండు.”

వజీర్ సాబ్ జరిగిందంతా చెప్పాడు. పరాంకుశరావు గారు మంచివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాక సర్క్యులర్ కనిపించింది.

“నీ మనవి న్యాయమైనదే. మానవీయ కోణంలో పరిశీలించదగినదే. కానీ చూడమ్మా, ఒక్క పెంటయ్య చనిపోయాడని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ మర్నాడు హాజర్ అన్నది ఎవరన్న ప్రశ్న ఉత్పన్నమవుతుంది. అక్కడ వంశక్రమం తెగుతుంది. తెగితే దళం రద్దు. రద్దయితే రుస్తుం వేలానికి. ముసలి గుర్రాన్ని వేలంలో ఎవరు పాడుకుంటారో నేను చెప్పాలా?”

చెప్పనక్కర్లేదు. తన మిత్రుడి గుర్రం అట్లాగే వేలంలో కసాయికి పోయిందని, తోలు చెప్పులకు కూడా పనికిరాలేదన్నారని ఊళ్ళో జట్కా నడిపే సాయిలు ఎన్నోసార్లు చెప్పాడు. మా ఇంటాయన చివరిసారి నా చేతిలో పెట్టింది రుస్తుం తాడు. నేను వెళ్ళి గడ్డి దులుపుకున్నాను.

కమిటీ భాద్రపదంలో వచ్చింది. అధ్యక్షులు శఠగోపాచార్యులు గారు, పెద్దాయన, తెల్లని పంచె, మాట మాటకూ ‘సూత్రప్రాయంగా’ అనే అలవాటు. ఆయన వెంట గుర్రాల డాక్టరు ఒకాయన. డాక్టరు నేరుగా వెళ్ళి రుస్తుం నోరు తెరిచి పళ్ళు చూశాడు.

“సార్, దీనికి ఇరవై ఏళ్ళ కంటే ఎక్కువ ఉండవు.”

పరాంకుశరావు గారి ముఖం పాలిపోయింది. అధ్యక్షులు తొణకలేదు.

“డాక్టరు గారూ, మీరు చూసింది గుర్రాన్నా, పళ్ళనా?”

“పళ్ళనే సార్. గుర్రం వయసు పళ్ళను బట్టే...”

“మా తాతగారికి ఎనభయ్యో ఏట పళ్ళు కట్టించాం. అంతమాత్రాన ఆయన వయసు రెండేళ్ళంటారా? సూత్రప్రాయంగా, పళ్ళ సర్వీసు వేరు, గుర్రం సర్వీసు వేరు. పళ్ళు ఇరవై ఏళ్ళ కింద చేరాయని రాసుకోండి.”

డాక్టరు రాసుకుని, గుర్రం వెనక్కి వెళ్ళి, తిరిగి వచ్చాడు.

“సార్, పట్టీలో మగ గుర్రం అని ఉంది. ఇది ఆడది.”

“మొదట్ల మగదే సార్” అన్నాడు వజీర్ సాబ్.

“నూట నాలుగేళ్ళ వయసులో” అన్నారు అధ్యక్షులు, “ఇంకా ఆ తేడా పట్టించుకోవడం సంస్కారం కాదు. పదండి.”

తూఫాన్ దగ్గర డాక్టరు చెవుల గొట్టం తీసి జీపు బానెట్ మీద పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి. అప్పటికే ఆయన కొంచెం నీరసించి ఉన్నాడు.

“గుండె కొట్టుకోవడం లేదు.”

“రిజర్వులో ఉంది సార్” అన్నారు పరాంకుశరావు గారు. నేను బూర నొక్కాను. అధ్యక్షులు తృప్తిగా తల ఊపారు.

“మేత బాగా తింటుందా?”

“పెట్టింది పెట్టినట్టే ఉంటది సార్” అన్నాను. “మితంగ తింటది.”

“అదీ దీర్ఘాయువు రహస్యం” అని అధ్యక్షులు డాక్టరుకు చెప్పారు. “నువ్వెవరు?”

“పెంటయ్యను సార్.”

“వయసు?”

“పట్టీ ప్రకారం నూట ఇరవై ఆరు సార్.”

“నీకు గుబురు మీసాలని రాసి ఉందే?”

నేను వజీర్ సాబ్ వైపు చూశాను. “మీసం సెలవు మీద పోయింది సార్” అన్నాడు ఆయన. అధ్యక్షులు సెలవు మంజూరైందా అని అడిగారు. అయిందన్నాడు. అయితే సరే అన్నారు.

అంతా బాగా జరిగిపోయింది. గేటు దగ్గర కారెక్కబోతూ ఆయన వీరుల రాయి ముందు ఆగిపోయారు.

“ఇదేమిటి, ఒక్క పేరూ లేదేం?”

“ఎవరూ మరణించలేదు కదా సార్” అన్నారు పరాంకుశరావు గారు, గర్వంగా.

“అది ప్రశంసనీయమే. కానీ సర్క్యులర్ అనుబంధం చదివారా? వారసత్వ దళానికి కనీసం ఒక్క అమరుడైనా ఉండాలి. వీరుడు లేని దళానికి వారసత్వమేమిటండీ? దసరా లోపల ఏర్పాటు చేసుకోండి. తామ్రపత్రం నేనే తెస్తాను.”

“మరి వంశక్రమం సార్? మరణం జరిగితే తెగుతుంది కదా?”

“మరణం ఉండకూడదు. అమరుడు ఉండాలి. ఇందులో సూత్రప్రాయంగా వైరుధ్యం ఏమీ లేదు” అని ఆయన కారెక్కారు.

పరాంకుశరావు గారికి నిద్రాహారాలు లేవు. చావని వాళ్ళలోంచి అమరుణ్ణి తియ్యాలి. ఆయన సాలలో అటూ ఇటూ తిరుగుతూ ఒక్కొక్కరినీ చూసేవారు. తూఫాన్‌ను అమరుణ్ణి చేస్తే ఎలా ఉంటుందన్నారు. చేస్తే రేపు బూర ఎవరిదని అడుగుతారన్నాడు వజీర్ సాబ్. ఒకనాడు నా ముందు ఆగారు.

“పెంటయ్యా, దళం కోసం ఒక్క పూట అమరుడివి కాగలవా? మధ్యాహ్నం లోపల అయిపోతుంది.”

“కావొచ్చు సార్. మరి పొద్దుగూకి గుర్రానికి గడ్డి ఎవరేస్తరు?”

ఆయన నిట్టూర్చి జీపుకు ఆనుకుని నిలబడ్డారు. జీపు బానెట్ మీద దుమ్ము పట్టి ఉంది. ఏం అనుకున్నానో తెలియదు, వేలితో ఆ దుమ్ములో మా ఇంటాయన పేరు రాశాను. మూడే అక్షరాలు. ‘దె’ కొంచెం వంకర పోయింది.

“ఓ... దె... లు” అని చదివారు పరాంకుశరావు గారు. “ఎవరీ ఓదెలు?”

“రాసినదాన్నే అడుగుతరా సార్.”

వజీర్ సాబ్ అందుకున్నాడు. “వాళ్ళాయన సార్. మొన్న చెప్పిన గద. గీ సాలల్నే...”

“ఆయన పెంటయ్య అన్నారుగా?”

“గేటు లోపల పెంటయ్య సార్. గేటు బయట ఓదెలు.”

పరాంకుశరావు గారు మెల్లగా నిటారుగా నిలబడ్డారు. “ఈ ఓదెలు పేరు మన పట్టీలో ఎప్పుడైనా ఉందా?”

“ఎన్నడు లేదు సార్.”

“అంటే ఓదెలు అనేవాడు ఈ దళంలో ఏనాడూ పని చేయలేదు!”

“పద్దెనిమిదేండ్లు చేసిండు సార్” అన్నాను.

“పట్టీలో లేడు కదమ్మా! పట్టీలో లేనివాడు చనిపోతే దళానికి నష్టమేముంది? వంశక్రమం ఎక్కడ తెగింది? వజీర్, ఇలాంటి అమరుడు లక్షమందిలో ఒక్కడు దొరకడు! రాతిపనివాణ్ణి పిలవండి.”

మర్నాడే రాతిపనివాడు వచ్చాడు. నేను దుమ్ములో రాసిన పేరు చూసి చెక్కుతానని జీపు దగ్గర కూర్చుంటే, ‘దె’ సరిగా రాసి కాగితం మీద ఇచ్చాను. సాయంత్రానికి రాయి మీద పేరు ఉంది. నూనె రుద్దాను. వేలు పెడితే అక్షరాల్లో దిగింది. చాలాసేపు అక్కడే ఉన్నాను. రుస్తుంకు గడ్డి ఆ పూట ఆలస్యమైంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. రాయి ఫోటో తీసి కమిటీకి పంపారు. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. రాయి మీది పేరు పట్టీలో లేదని, అమరుడు దళానికి చెందినవాడై ఉండాలని, కాబట్టి అతని పేరు వెంటనే పట్టీలో చేర్చి, దసరా కవాతులో అధ్యక్షుల సమక్షంలో హాజరు పిలవాలని. హాజరులో ఎక్కడా తెగరాదని కింద గీత గీసి ఉంది.

పరాంకుశరావు గారు నన్ను పిలిపించారు.

“పెద్ద విషయం కాదు. కొత్త పేరు నీ పేరుకు పైన ఉంటుంది. ఓదెలు అనగానే నువ్వే హాజర్ అనాలి. ఆ వెంటనే పెంటయ్య అంటారు, అప్పుడూ అనాలి. రెండోసారి గొంతు కొంచెం మార్చు.”

“హాజర్ అంటే ఇంక అమరుడు ఎట్లయితడు సార్?”

“రాయి మీద అమరుడు. పట్టీలో హాజరు. రెండింటికీ ఫైళ్ళు వేరమ్మా.”

గేటు దాటాక వజీర్ సాబ్ నా పక్కన నడిచాడు. గేటు బయట ఆయన నన్ను పెంటయ్య అనడు.

“చెల్లె, అనేసెయ్యి. ఒక్క మాట. ఆరేండ్ల సంది అంటనే ఉన్నవు గద. రుస్తుం నిలుస్తది.”

“వజీర్ సాబ్, ఆ పొద్దు నువ్వు పెంటయ్య అని పిల్చినప్పుడు తలెందుకు ఎత్తలే?”

ఆయన సందు మలుపు దాకా వచ్చి, “నీ ఇష్టం చెల్లె” అని వెళ్ళిపోయాడు.

దసరా వచ్చింది. రుస్తుంకు నీళ్ళు పోసి, నుదుట పసుపు కుంకుమ పెట్టి, జూలు దువ్వి, బంతిపూల దండ వేశాను. తూఫాన్‌కు నిమ్మకాయలు, మామిడాకులు కట్టాను. రాయికి దండ వేసి, అందరం సలాం కొట్టాం. ఈసారి ఖాళీకి కాదు. శఠగోపాచార్యులు గారు కుర్చీలో కూర్చున్నారు. తామ్రపత్రం ఆయన ఒళ్ళో పట్టుగుడ్డలో ఉంది. ఊరు ఊరంతా గోడ ఎక్కి చూస్తోంది. సాయిలు జట్కా మీద నిలబడ్డాడు.

వజీర్ సాబ్ పట్టీ తెరిచాడు.

“రుస్తుం!”

గంట ఆడించాను.

“తూఫాన్!”

బూర నొక్కాను.

వజీర్ సాబ్ గొంతు సవరించుకున్నాడు. “ఓదెలు!”

ఆ పేరును ఆ సాల ముందు ఒకరు గట్టిగా పిలవడం నేను మొదటిసారి వినడం. నల్లగడి రిసాల పుట్టాక హాజరులో ఒక పేరుకు జవాబు రాకపోవడం కూడా అదే మొదటిసారి. రుస్తుం చెవులు నిక్కించి సాల వైపు తల తిప్పింది.

“ఓదెలు!” అని రెండోసారి పిలిచాడు. గొంతు కొంచెం తగ్గింది.

పరాంకుశరావు గారు దగ్గారు. నా వైపు చూసి కనుబొమలతో హాజర్ అన్నారు. అధ్యక్షులు తామ్రపత్రం మీద పట్టుగుడ్డ మళ్ళీ కప్పడం మొదలుపెట్టారు.

పెంటయ్య పేరు మీద ఆరేళ్ళు హాజర్ అన్నాను. అది అరువు పేరు. ఆయనా అరువుకే తీసుకున్నాడు, నేనూ అరువుకే తీసుకున్నాను. ఈ పేరు మా మనిషిది. ఈ పేరు కింద కూడా నేనే నిలబడితే, ఆయన నిలబడడానికి ఇంకెక్కడా చోటు మిగలదు. అటు చూస్తే గుర్రం తాడు నా చేతిలో ఉంది. సాయిలు జట్కా మీది నుంచి దాన్నే చూస్తున్నాడు.

“ఎవరీ ఓదెలు? ఏడీ?” అన్నారు అధ్యక్షులు.

పరాంకుశరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగారు. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

“తూఫాన్ కోసం లోపలికి పోయిండు సార్. ఇంక రాలే.”

వజీర్ సాబ్ పట్టీలోకి చూస్తున్నాడు.

“లోపలికా? ఎందుకు?” అన్నారు అధ్యక్షులు.

“గాలివానకు దూలాలు కదిలినయి సార్. తోలుకొద్దామని పోయిండు.”

“తూఫాన్ ఈ దళానికి చెందిన గుర్రమే కదా?”

“పట్టీ ప్రకారం గుర్రమే సార్.”

అధ్యక్షులు కళ్ళు మూసుకుని ఆలోచించారు. “గుర్రాన్ని కాపాడడం సైసు విధి. అందుకోసం వెళ్ళాడు. వెళ్ళిన పని నుంచి ఇంకా తిరిగి రాలేదు. సూత్రప్రాయంగా అతను డ్యూటీలోనే ఉన్నాడు. ఇందులో తెగిందేమీ లేదు.” పట్టుగుడ్డ తీసేశారు. “అన్నట్టు పరాంకుశరావు గారూ, మీ సేవాచరిత్రలో సేవ ఎక్కడా కనపడలేదని కమిటీలో ఒకరు అన్నారు. ఇది రాయండి.”

“ఏమని రాయమంటారు సార్?”

“ఆమె ఏమంది? అదే రాయండి.”

వజీర్ సాబ్ అప్పటికే రాస్తున్నాడు. రాసి, తడి ఆరేదాకా ఊదాడు.

ఇప్పుడు మాది వారసత్వ దళం. తామ్రపత్రం గోడకు ఉంది. పళ్ళు నాలుగు ఊడినా రుస్తుం బాగానే ఉంది; పళ్ళ సర్వీసు వేరు కాబట్టి దాని సర్వీసుకు ఏ అడ్డమూ లేదు. పరాంకుశరావు గారు పై పదవికి వెళ్ళారు. ఆయన తర్వాత వచ్చినవారు హాజరు తొందరగా ముగించమంటారు. ఒక్క మాటతో పోయేదానికి రోజూ అంత పొడుగు వాక్యం చదవడం దేనికంటారు. పట్టీలో ఎలా ఉంటే అలా చదవాలని రూలు ఉందంటాడు వజీర్ సాబ్. ఆ రూలు ఎక్కడుందో ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

రోజూ పొద్దున్నే మేం సాల ముందు నిలబడతాం. రుస్తుం అంటారు, గంట ఆడిస్తాను. తూఫాన్ అంటారు, బూర నొక్కుతాను. ఓదెలు అంటారు. రుస్తుం సాల వైపు చూస్తుంది. తర్వాత వజీర్ సాబ్ పట్టీలో ఉన్నది ఉన్నట్టు చదువుతాడు. తూఫాన్ కోసం లోపలికి పోయిండు. ఇంక రాలే.

ఆ తర్వాత పెంటయ్యను పిలుస్తారు. హాజర్ అంటాను.